ఇంటిపనిలో పిల్లల వంతు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున నన్నుకూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. నేను పండితుడను గాను. లెక్కలు వ్రాయుట నా వృత్తి. భారత భాగవతములను గురుముఖమున చదివినవాడను గాను. ఈ గ్రంథాలయపు బీరువాలలోని ప్రతులను దెచ్చుకొని, ప్రక్కన నిఘంటువు నుంచుకొని, పద్యమునకు ఒక రాత్రి చొప్పున కూడబలుకుకొన్నవాడను. కావున నా మాటలలో శాస్త్రము తక్కువగాను, పద్దులు ఎక్కువగాను ఉండును. మన్నింపుడు.

నేడు నేను చెప్పదలచినది ఇల్లు నడుపుటను గుఱించి, అందు పిల్లల వంతును గుఱించి. గ్రంథాలయ సభలో ఇంటిపని ప్రసంగ మేమని కొందఱు నవ్వవచ్చును. కారణము గలదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1905లో మన పొరుగుననే సికింద్రాబాదున ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయము వెలసిన నాటినుండి ఈ ప్రాంతమున గ్రంథాలయము పెట్టిన ప్రతివారును కోరినది ఒక్కటియే: పుస్తకము ఇంటింటికిని చేరవలెను. మన గ్రంథాలయపు ద్వారముకడ సంతకముల పుస్తక మున్నది. లెక్కలవాడను గనుక దానిని తిరుగవేయు అలవాటు నాకు గలదు. సాయంకాలపు వరుసలలో మగపిల్లల సంతకములు దండిగా నుండును. ఆడపిల్లల సంతకములు ఆదివారములందును, వేసవి సెలవులందును మాత్రమే కానవచ్చును. బడిలో ఇరువురును ఒకే బల్లమీద కూర్చుండి చదువుచున్నారు. బడి విడిచిన పిదప ఒకరు ఇటు వచ్చుచున్నారు, ఒకరు ఇంటిలో నిలిచిపోవుచున్నారు. ఆ వేళ వారు గిన్నెలకడ నుందురో, చంటి తమ్ముని ఎత్తుకొని యుందురో మీరే యెఱుగుదురు. కావున ఇంటిపని లెక్క సరిగా లేక గ్రంథాలయపు లెక్క సరిపడదు.

ఇల్లు నడుపుట యనగా మనకు వెంటనే తోచునది జమాఖర్చు. జీతమెంత, పంటయెంత, కిరాణా దుకాణపు బాకీ యెంత యని చాలమంది గృహస్థులు వ్రాసికొందురు. మోండా మార్కెటునుండి కూరలు తెచ్చినచో ఆ చీటియు దాచుకొందురు. ఇది మంచిదే. కాని ఇంటిలో దినదినమును ఖర్చగునది రూపాయి యొక్కటియే గాదు, ఒంటి సత్తువ కూడ ఖర్చగుచున్నది. దానికి ఏ పుస్తకమునందును పద్దు లేదు. వ్రాయని ఖర్చు ఎవరిపై బడినదో ఎవరికిని తెలియదు. తెలియదు గనుక అది ఖర్చే కాదని యెల్లరును అనుకొందురు.

ఆ పద్దును ఒకమాఱు ప్రభుత్వమువారే వ్రాసిచూచిరి. 2019లో భారత ప్రభుత్వపు జాతీయ గణాంక కార్యాలయము దేశమంతట కాలవినియోగ సర్వే జరిపినది. ఆరేండ్లు మొదలు పై వయస్సువారిలో తమ యింటివారికొఱకు కూలి లేని ఇంటిపని చేయువారు స్త్రీలలో నూటికి 81 మంది, పురుషులలో నూటికి 26 మంది యని తేలినది. చేయువారిలోనైనను స్త్రీ దినమునకు సగటున 299 నిమిషములును, పురుషుడు 97 నిమిషములును వెచ్చించుచున్నారట. పసిపిల్లలను, రోగులను, వృద్ధులను చూచుకొనుట ఇందు చేరలేదు, అది వేఱు పద్దు. 299 నిమిషములనగా ఐదు గంటలకు ఒక్క నిమిషము తక్కువ. నెలకు నూటయేబది గంటలు. ఇంత మొత్తము ఏ దుకాణపు ఖాతాలోనైనను వ్రాయకుండ వదలినచో ఆ గుమాస్తాను ఆ సాయంకాలమే ఇంటికి పంపివేయుదురు.

ఇల్లు నడుపుట చిన్నపని యనువారు భారతము అరణ్యపర్వమున ఎఱ్ఱన పూరించిన భాగమందలి ద్రౌపదీ సత్యభామా సంవాదమును చదువవలెను. భర్తలు నీకు వశులై యుండుటకు మందా, మంత్రమా యని సత్యభామ యడిగినప్పుడు ద్రౌపది చెప్పిన సమాధానమునందు మందును లేదు, మంత్రమును లేదు, ఉన్నది గృహనిర్వహణము. ఎవరు ఏ పని చేసిరో, ఏ పని చేయలేదో ఆమె యెఱుగును. ధర్మరాజు సిరిసంపదలకు ఆదాయ మెంతయో వ్యయ మెంతయో ఆమె యెఱుగును. అందఱు కుడిచిన పిదప కుడుచును, అందఱు నిదురించిన పిదప నిదురించును. చదివినకొలది నాకు ఆమెయందు గౌరవము హెచ్చినది. దానితోపాటు ఒక సంశయమును కలిగినది. లెక్క ఒక్కరికే తెలిసియుండుట లెక్కలవాని దృష్టిలో గుణము గాదు, అపాయము. ఆ యొక్కరు జ్వరమున పడినచో కొట్టు మూతపడును. మన యిండ్లలో తల్లికి రెండుదినములు ఒంట బాగులేనిచో ఉప్పుడబ్బా యెక్కడనో, పిల్లవాని బడిచొక్కా యెక్కడనో ఎవరికిని తెలియదు. అది ఆ తల్లి గొప్పతనమని మనము పొగడుదుము. నిజమునకు అది ఇల్లు సరిగా నడువమికి గుఱుతు.

మన పెద్దలు గృహనిర్వహణమును బోధింపకపోలేదు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1883లో సతీహితబోధిని యను పత్రికను స్థాపించిరి. 1928లో మదరాసునుండి కేసరిగారి గృహలక్ష్మి వెలువడినది. ఇవి స్త్రీలకు అక్షరమును, ఆరోగ్యమును, ఆత్మగౌరవమును బోధించి మహోపకార మొనర్చినవి. ఐనను ఇల్లు చక్కబెట్టుకొను పాఠము స్త్రీకే చెప్పవలెనను తలంపు ఆ కాలపుది. ఆ పాఠమును ఇప్పుడు ఇంటిల్లిపాదికిని చెప్పవలసియున్నది, అందును పిల్లలకు ముందుగా చెప్పవలసియున్నది.

పిల్లలచేత పని చేయించుట న్యాయమా యని యడుగువారు పోతనామాత్యుని దశమస్కంధమునందలి కుచేలోపాఖ్యానమును తలచుకొందురు గాక. చిన్ననాటి చెలికాడు ద్వారకకు రాగా శ్రీకృష్ణుడు అతని చేయి పట్టుకొని జ్ఞాపకము చేసినది రాచమర్యాదలను గాదు, గురుపత్ని తమ్మిరువురను కట్టెలకు అడవికి పంపిన దినమును. గాలివాన వచ్చినది, చీకటి పడినది, దారి తప్పినది. తెల్లవారునప్పటికి సాందీపని వారిని వెదకుకొనుచు వచ్చి ఆశీర్వదించెను. ఈ కథలో నాకు మూడు సంగతులు కానవచ్చుచున్నవి. మొదటిది, వంటయింటి కట్టెలకు పోయినవారు మగపిల్లలు. రెండవది, యదువంశపు బిడ్డయు, పేద బ్రాహ్మణ బాలుడును ఒకే పనికి కలసి పోయిరి. మూడవది మిక్కిలి ముఖ్యము: పిల్లలు రాలేదని తెలిసి పెద్దవాడు తానే వెదకుకొనుచు పోయెను. పని చెప్పుటకు అధికారమున్నచో, చెప్పిన పని పిల్లవానిని ఎక్కడికి కొనిపోయినదో చూచుకొను బాధ్యతయు నున్నది.

ఇక వంట మగవాని పని గాదనువారికి నేను చెప్పునది ఒక్కటియే. రుచియైన వంటకు మన భాషలో పేరేమి? నలభీమపాకము. నలుడు ఋతుపర్ణుని కొలువున బాహుకుడై వండెను, భీముడు విరాటుని కొలువున వలలుడై వండెను. ఒకడు నిషధదేశపు రాజు, ఒకడు గదాధరుడు. ఆ మాటను విందులయందు నోరార వాడుకొనుచు, ఇంటిలో పిల్లవాడు గరిటె పట్టినచో పరువు పోయినదందుము!

ఇది పూర్వులతో ఆగిపోలేదు. 1937 అక్టోబరులో వార్ధాయందు గాంధీజీ విద్యామహాసభ జరిపి, చేతిపని ద్వారముననే చదువు సాగవలెనని ప్రతిపాదించెను. ఆ ప్రణాళికను సిద్ధముచేసిన సంఘమునకు అధ్యక్షులైన జాకీర్ హుస్సేనుగారు మన హైదరాబాదున జన్మించినవారే. ఇటలీ దేశపు విదుషి మరియా మాంటిస్సోరి 1907లో రోము నగరపు పేదవాడలో తొలి బాలగృహమును తెఱచెను. 1939లో మదరాసు అడయారునకు వచ్చి యుద్ధకాలమంతయు మన దేశముననే నిలిచి ఉపాధ్యాయులకు శిక్షణ మిచ్చెను. ఆమె పద్ధతిలో మూడేండ్ల బిడ్డ నీళ్లు ఒలుకకుండ ఒక పాత్రనుండి వేఱొక పాత్రలోనికి పోయును, బల్ల తుడుచును, నేల ఊడ్చును, గుండీలు పెట్టుకొనును. బిడ్డ చేతికి సరిపోవునంత చిన్న చీపురు, చిన్న చెంబు అక్కడ నుండును. పనిముట్టు పెద్దదైన చోట పని శిక్ష యగును, చేతికి అమరిన చోట ఆట యగును. పిల్లవాడు చెంబు జారవిడిచినప్పుడు మనము పిల్లవానిని తిట్టుదుము, ఆ చెంబు వాని చేతికి తగినదా యని చూడము.

ఇంతవఱకు పిల్లలు పని చేయవలెనని చెప్పితిని. ఇప్పుడు ఆ త్రాసునకు రెండవ తట్ట. పని విద్య యగునట్లే దోపిడియు కాగలదు, తేడా లెక్కలో నున్నది. ఈ సంగతిని దేశమునకు ఎఱుకపఱచిన సంస్థ మనకు దూరపుది గాదు. చరిత్రకారులు మామిడిపూడి వేంకటరంగయ్యగారి పేర 1981లో ఏర్పడి, సికింద్రాబాదు మారేడుపల్లి కేంద్రముగ పనిచేసిన ఫౌండేషను అది. వారి మనుమరాలు శాంతా సిన్హాగారి నాయకత్వమున ఆ సంస్థ 1991 ప్రాంతమునుండి రంగారెడ్డి జిల్లా పల్లెలలో తిరిగి, పశువుల వెంటను, పొలముల వెంటను పోవు పిల్లలను శిబిరములలో చేర్చి, చదువు నేర్పి, వారి వయస్సునకు తగిన తరగతులలో ప్రవేశపెట్టినది. 2003లో ఆమెకు మెగసెసే పురస్కారము లభించినది. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘమునకు ఆమె తొలి అధ్యక్షురాలైరి.

ఆ సంస్థ పట్టిన సూత్రము సులభమైనది: బడిలో లేని ప్రతి బిడ్డయు పనిలోనున్న బిడ్డయే. కూలి తెచ్చువాడు మాత్రమే బాలకార్మికుడు గాడు. తల్లి కూలికి పోవుటకై ఇంట నిలిచి తమ్ముని సాకు పదేండ్ల పిల్లయు, నీళ్లు మోయుటకై బడి మాన్పింపబడిన పిల్లయు ఆ లెక్కలోనివారే. "మా పిల్ల ఏ పనికిని పోదు, ఇంటనే యుండును" అను మాటను మనమెల్లరము ఎన్నిమాఱులు వినలేదు? ఆ పిల్ల పనినుండి తప్పించుకొన్నది గాదు, ఆమె పని లెక్కకు ఎక్కలేదు, అంతే.

చట్టమును ఈ గీతనే గీచినది. ఆరేండ్లనుండి పదునాలుగేండ్లవఱకు చదువు హక్కు అని 2009లో చేసిన చట్టము 2010 ఏప్రిలు 1వ తేదీనుండి అమలునకు వచ్చినది. 1986 నాటి బాలకార్మిక చట్టమును 2016లో సవరించి, పదునాలుగేండ్ల లోపువారిని ఏ వృత్తియందును నియమింపరాదనిరి. తన కుటుంబమునకు బిడ్డ సాయపడవచ్చును. అదియైనను బడివేళలు దాటిన పిదపనో, సెలవులలోనో, అపాయము లేని పనిలో, చదువునకు భంగము రానంతవఱకు మాత్రమే. బడిగంటకు ముందు వెనుకల నుండు ఆ కొద్ది కాలమును ఎట్లు పంచవలెనన్నది మాత్రము చట్టము చెప్పలేదు. అది ఇంటి పెద్దల ధర్మము.

దానికి నాకు తోచిన పద్ధతిని విన్నవించుకొందును.

మొదట ఇంటిలో ఒక పనిచిట్టా పెట్టుడు. పిల్లలు వాడి విడిచిన నోటుపుస్తకము చాలును. తెల్లవారి వాకిలి ఊడ్చుట మొదలు రాత్రి పాలు తోడువేయుటవఱకు ఒక దినమున జరుగు పనులన్నియు వరుసగ వ్రాసి, ఎదుట చేసినవారి పేరు వ్రాయుడు. ఏడుదినములు వ్రాసినచో చాలును. ఏ పేరు ఎన్నిమాఱులు వచ్చినదో కూడిక వేయుడు. ఆ కూడికను బిడ్డచేతనే వేయింపుడు. గణితమును వచ్చును, జ్ఞానమును వచ్చును.

పిదప పంపకము. పనిని ముక్కలు ముక్కలుగ చెప్పక ఒక పనిని మొదటినుండి తుదివఱకు అప్పగింపవలెను. "ఆ గ్లాసు తే, ఈ గుడ్డ తీయి" యని దినమంతయు కేకలు వేసినచో బిడ్డ బంట్రోతగును. "మొక్కలకు నీరు నీ వంతు" అన్నచో బాధ్యుడగును. నాలుగైదేండ్లవానికి చెప్పులు వరుసగ పెట్టుట, బట్టలు మడతపెట్టుటలో చేయివేయుట చాలును. ఏడెనిమిదేండ్లవారు బియ్యములో రాళ్లేరుదురు, విస్తళ్లు వేయుదురు, తాము తిన్న కంచము తాము కడుగుదురు. పదేండ్లు దాటినవారు గిన్నెలు తోముదురు, పక్కలు వేయుదురు, దుకాణమునకు పోయి చిల్లర సరిచూచుకొని వత్తురు. పండ్రెండేండ్లవారికి ఆ వారపు కూరల ఖర్చు వ్రాయు పని యిచ్చి చూడుడు. ధర హెచ్చినప్పుడు తల్లికి ముందుగా హెచ్చరిక చేయువారు వారే యగుదురు. కాగుచున్న నూనె, బావిగట్టు, కరెంటు తీగ, పొలమున చల్లు మందులు, ఇవి మాత్రము పెద్దల పద్దులోనే యుండవలెను. చంటిబిడ్డను కాసేపు ఆడించుట అక్కకు ముచ్చట, దినమంతయు సాకుట తల్లిదండ్రుల భారము.

మూడవది, నెలకొకమాఱు వంతులు మార్పవలెను. చీపురు ఎప్పుడును చెల్లెలికి, సైకిలు ఎప్పుడును అన్నకు అనునది పంపకము గాదు. అందఱికంటె ముందుగా తండ్రి పేరు ఆ చిట్టాలో నుండవలెను. తాను కుర్చీలో కూర్చుండి పని గొప్పతనము బోధించు తండ్రిమాట ఏ బిడ్డకును చెవికెక్కదు.

ఇందువలన మిగులునదేమి యందురా? తల్లి 299 నిమిషములలో తండ్రి అరువది, ఇద్దఱు బిడ్డలు తలా ముప్పది తీసికొన్నారనుకొందము. మిగిలినవి 179. మూడుగంటలకు ఒక నిమిషము తక్కువ. తల్లికి రెండు గంటలు చేతికి వచ్చినవి. ఆ బిడ్డలకు పోయినది అరగంట, సాయంకాలమింకను మిగిలియే యున్నది.

దీనికి మూడు ఆక్షేపణలు వినవచ్చును. చదువు చెడునని కొందఱందురు. అరగంట పని వలన చెడు చదువు చదువు గాదు. సాయంకాలమంతయు ఒక్కతెకే పని పెట్టినప్పుడు చెడుచున్న చదువును గుఱించి వారెందుకు దిగులుపడరో తెలియదు. అత్తవారింట పనికి వచ్చునని ఆడపిల్లకు నేర్పుచున్నామని మఱికొందఱందురు. రేపు మీ కొడుకు పరదేశమున ఉద్యోగమునకు పోయి గది యద్దెకు తీసికొన్న దినమున అక్కడ అత్తవారిల్లుండదు, అన్నము తానే వండుకొనవలెను. పనికి డబ్బిత్తుమని ఇంకను కొందఱందురు. వలదు. కూలి యిచ్చినచో ఇల్లు బిడ్డకు యజమాని యగును, తనది గాకపోవును. ఇంటి ఖర్చు చిట్టాను చదువనిండు, ఆ చిట్టాలో వాని మాటకును చోటీయుడు. అదియే జీతము.

పిల్లలు బద్ధకస్తులని నేనొప్పుకొనను. ఆషాఢమున లష్కరు బోనాల దినమున సికింద్రాబాదు వీథులు చూచినవారు ఒప్పుకొనరు. తెల్లవారకమునుపే లేచి ఒకడు వేపమండలు తెచ్చును, ఒకతె కుండకు పసుపు కుంకుమలు పెట్టును, ఒకడు బెల్లము దంచును, ఇంకొకతె దీపమునకు వత్తి చేయును. ఎవరును కేక వేయనక్కరలేదు. ఏల? ఆ దినమున ఇంటిలో ఊరక కూర్చున్నవారు లేరు, చేయుచున్న పని దేనికో అందఱకును తెలియును, చేసినవారిని మెచ్చుకొందురు. ఈ మూడును ఉన్న ఇంట పిల్లలు ఏ దినమైనను పని చేయుదురు. మఱునాడు ఆ కుండలు గిన్నెలు కడుగువారెవరన్నదే ప్రశ్న.

మహాశయులారా! నా విన్నపములు రెండు. ఈ సభ ముగిసిన పిదప ప్రతి చందాదారుడును తన యింట ఏడుదినముల పనిచిట్టా వ్రాయింపవలెను. ఎవరికిని చూపనక్కరలేదు, తాను చూచుకొన్న చాలును. రెండవది, కార్యనిర్వాహకవర్గమువారు సాయంకాలము ఐదు మొదలు ఆరుగంటలవఱకు ఆడపిల్లలకు గ్రంథాలయమున ఒక బల్లను ప్రత్యేకింపవలెను. బల్ల వేయుట వారి పని. ఆ గంట ఖాళీగ నుండకుండ చూచుట మన పని. ఆ వేళ ఇంటిలో చీపురును, గిన్నెలను పట్టుకొనుటకు మన చేతులును, మన కొడుకుల చేతులును ఉన్నవి.

గ్రంథాలయమునకు కట్టడము పెద్దదగుటయు, పుస్తకముల సంఖ్య పెరుగుటయు వృద్ధియే. స్వర్ణోత్సవము నాడు ఈ సంతకముల పుస్తకమును తిరుగవేయు లెక్కలవాడు ఎవరైనను సరే, సాయంకాలపు వరుసలో ఆడపేర్లును మగపేర్లును సరిసమానముగ కూడిక కుదిరినవని వ్రాయగలిగినప్పుడే మన వృద్ధి సంపూర్ణము. అట్టి దినము శీఘ్రముగ వచ్చుగాక!

స్వస్తి.